సైకిల్‌కి మూడు గేర్లు చాలా?

ఈరోజు సైకిల్ గేర్ల గురించి మాట్లాడుకుందాం.

నేను ఇంగ్లాండ్‌లోని నాటింగ్‌హామ్‌లో మాస్టర్స్ చదువుతున్నా. బస్సు ఖర్చు మిగులుతుందని వచ్చిన కొత్తలో సెకండ్‌హ్యాండ్‌లో 21 గేర్ల సైకిల్ కొన్నా. ఎన్ని గేర్లుంటే అంత గొప్ప అనుకున్నా! డిసెంబర్‌లో ఒకరోజు వానలో పార్ట్‌టైమ్ డ్యూటీకి వెళ్తుంటే, సిగ్నల్ దగ్గర చైన్ ఊడి ఫ్రేమ్‌కీ చక్రానికీ మధ్య ఇరుక్కుంది. చలికి వేళ్లు పనిచెయ్యలేదు. ఆ రోజు డ్యూటీ పోయింది, డబ్బులూ పోయాయి.

నిజం చెప్పాలంటే తప్పు నాదే. బయటుండే గేర్లలో డిరెయిలర్ అనే భాగం చైన్‌ని ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదకి నెడుతుంది. బురద, మంచుకి రోడ్డు మీద చల్లే ఉప్పు దానికి పడవు. తరచుగా తుడిచి నూనె వెయ్యాలి. నేను వెయ్యలేదు.

తర్వాత ఒక పాత మూడు గేర్ల సైకిల్ దొరికింది. దాని హబ్ స్టర్మీ ఆర్చర్ ఏడబ్ల్యూ. ఈ ఊళ్లోనే తయారైంది. ఈ మోడల్ 1936లో వచ్చింది. నా హబ్ మీద 74 అని ఏడాది గుద్ది ఉంది. మా నాన్న పుట్టిన ఏడాది!

ఇందులో గేర్లన్నీ వెనక చక్రం మధ్యలోని హబ్ లోపలే ఉంటాయి. ఇరుసుకి 20 పళ్ల చక్రం కదలకుండా ఉంటుంది. దాని చుట్టూ నాలుగు చిన్న చక్రాలు, వాటి బయట 60 పళ్ల రింగు. సూర్యుడి చుట్టూ గ్రహాల్లాగా అన్నమాట. వెనక పళ్లచక్రం ఒక చుట్టు తిరిగితే, రెండో గేర్‌లో చక్రమూ ఒక చుట్టే. ఒకటో గేర్‌లో ముప్పావు చుట్టు, ఎత్తు ఎక్కడం తేలిక. మూడో గేర్‌లో ఒక చుట్టూ, ఇంకో మూడో వంతూ.

చైన్ పక్కకి జరగదు కాబట్టి మొత్తం కవర్ వేసెయ్యొచ్చు. సిగ్నల్ దగ్గర ఆగాక కూడా గేర్ మార్చొచ్చు. హబ్‌లో అప్పుడప్పుడు కొన్ని నూనె చుక్కలు వేస్తే చాలు.

లోపాలు లేవా? ఉన్నాయి. బరువెక్కువ. బాగా నిటారు ఎత్తులో దిగి తోసుకోవాల్సిందే. కేబుల్ సరిగ్గా లేకపోతే రెండుకీ మూడుకీ మధ్య పెడల్ ఊరికే తిరిగిపోతుంది. నా మోకాలు హ్యాండిల్‌కి కొట్టుకుంది కూడా! అందుకే రెండో గేర్‌లో పెట్టి, ఇరుసులోంచి వచ్చే చిన్న కడ్డీ చివర ఇరుసు చివరతో సమానంగా వచ్చేలా కేబుల్ సరిచేసుకోవాలి.

ఆ సైకిల్ వచ్చాక ఒక్క డ్యూటీ కూడా మిస్ కాలేదు. కాబట్టి సైకిల్ కొనేటప్పుడు ఎన్ని గేర్లని అడిగే ముందు, అవి ఎక్కడున్నాయో చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!