నల్ల బెల్టు దాకా ఎంతవుతుంది?

పిల్లల్ని కరాటేలో చేర్చేటప్పుడు పెద్దలు ముందుగా అడిగేది నెల ఫీజు. అసలు ఖర్చు బెల్టుల దగ్గర ఉంటుంది. తెల్ల బెల్టుతో మొదలుపెట్టి పసుపు, ఆకుపచ్చ, నీలం, గోధుమ లాంటి రంగులు దాటితేగానీ నల్ల బెల్టు రాదు. వరుస స్కూలును బట్టి మారుతుంది. మెట్టు మెట్టుకూ పరీక్ష ఫీజు, సర్టిఫికెట్, కొత్త బెల్టు. ఎదిగే పిల్లలు కదా, చూస్తుండగానే డ్రెస్సు ప్యాంటు చీలమండ పైకి ఎక్కుతుంది, మోకాళ్ల దగ్గర గుడ్డ పలచబడుతుంది, మళ్లీ కొనాలి. పోటీలకు పంపితే గ్లౌజులు, పంటి గార్డు, ఎంట్రీ ఫీజు, రైలు చార్జీలు. నెల ఫీజు తక్కువని చేర్చిన చోటే ఏడాది లెక్క ఎక్కువ తేలవచ్చు.

పరీక్ష పెట్టే గురువు శ్రమకు విలువ కట్టొద్దా అంటారు. కట్టాలి. రంగు మారితే పిల్లలకు హుషారొస్తుందన్నదీ నిజమే. కానీ బెల్టుల పద్ధతి కరాటేతో పుట్టింది కాదు. జూడో స్థాపకుడు జిగోరో కానో పెట్టిన డాన్ అనే హోదా మెట్ల పద్ధతిని కరాటే గురువు గిచిన్ ఫునకోషి 1924లో కరాటేలోకి తెచ్చారు. అంతకు ముందు కరాటే పుట్టిన ఒకినావాలో బెల్టులు లేకుండానే తరతరాలు ఈ విద్య నేర్చుకున్నాయి. మన ఊళ్ల కర్రసాముకైతే ఒక కర్ర, కాస్త ఖాళీ జాగా, నేర్పే మనిషి ఉంటే చాలు. సాధన మానకుండా పరీక్షను ఒక విడత వాయిదా వేసినంత మాత్రాన పిల్లవాడి విద్య తగ్గదు. అందుకే చేర్చే ముందు ఏడాదికి ఎన్ని పరీక్షలో, మొత్తం ఎంతవుతుందో కాగితం మీద రాసిమ్మని అడగండి.