చిన్న సొట్టకు బీమా అడగవలెనా?

పావగడ తాలూకాకు మూడు దిక్కులా ఆంధ్ర సరిహద్దే. హిందూపురం, పెనుకొండ, కళ్యాణదుర్గం వైపు బయలుదేరిన కారు కొద్దిసేపటికే రాష్ట్రం దాటుతుంది. జిల్లా కేంద్రమైన తుమకూరు సుమారు నూరు కిలోమీటర్ల దూరంలో ఉన్నది. ఆసుపత్రికైనా, కళాశాలకైనా, పెండ్లికైనా దూరప్రయాణం తప్పని ప్రాంతం గనుక ఇక్కడ ఎన్నో కుటుంబాలకు కారు విలాసం కాదు, అవసరం. కారు ఉన్నచోట గీతలూ సొట్టలూ తప్పవు. అటువంటి చిన్న నష్టం కలిగినప్పుడు బీమా సంస్థను అడగవలెనా, సొంత డబ్బుతో బాగు చేయించుకొనవలెనా అన్నది నేటి విషయం.

ఒక ఉదాహరణ చూడండి. పట్టణంలో ఒక ఉపాధ్యాయుడు ఉన్నాడనుకోండి. ఆయనది 1200 సీసీ కారు. కొని నాలుగున్నర సంవత్సరాలు అయినది. ఇంతవరకు ఒక్క క్లెయిమూ లేదు. ఒక శనివారం నాడు శని మహాత్మ స్వామి గుడి దగ్గర రద్దీలో కారు వెనక్కి తీస్తుండగా రాతి స్తంభం తగిలి వెనుక బంపరు పగిలింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు. షెడ్డులో అడిగితే కొత్త బంపరుకు 4,000, పెయింటుకు 4,000, కూలికి 1,000, మొత్తం 9,000 రూపాయలు అవుతుందన్నారు. అక్కడే ఉన్న ఒక పెద్దమనిషి, “ఏటా ప్రీమియం కడుతున్నారు కదా మాస్టారూ, ఊరికే ఎందుకు వదులుతారు? క్లెయిము పెట్టండి” అన్నాడు. ఆ మాట సహజమే. కాని అది సగం లెక్క.

ఆ రాత్రి మాస్టారు, ఆయన భార్య పాలసీ పత్రం, కాగితం, కలం ముందు పెట్టుకొని కూర్చున్నారు. మొదటి ప్రశ్న: 9,000లో సంస్థ ఇచ్చేది ఎంత? సాధారణ పాలసీలో ప్లాస్టిక్కు, రబ్బరు భాగాల విలువలో సగం తరుగుదల కింద పోతుంది. కాబట్టి బంపరులో 2,000 యజమానిదే. పెయింటు బిల్లులో నాలుగవ వంతును రంగు ఖరీదుగా లెక్కించి, అందులో సగం తగ్గిస్తారు. ఇక్కడ అది 500. 1500 సీసీ వరకు ఉన్న ప్రైవేటు కారుకు ప్రతి క్లెయిములోనూ తప్పనిసరి మినహాయింపు 1,000 రూపాయలు. అంతకు మించిన ఇంజనుకు 2,000. ఇవన్నీ తీసివేయగా, పన్నులను పక్కన పెడితే, మాస్టారి చేతికి వచ్చేది 5,500.

రెండవ ప్రశ్న: ఆ 5,500 కోసం ఆయన వదులుకొనేది ఎంత? కారు బీమాలో రెండు భాగాలు ఉంటాయి. ఇతరులకు కలిగే హానికి సంబంధించిన థర్డ్ పార్టీ భాగం 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం తప్పనిసరి. సొంత కారుకు కలిగే నష్టానికి సంబంధించినది రెండవ భాగం. క్లెయిము లేని యజమానికి ఈ రెండవ భాగపు ప్రీమియంలో నో క్లెయిమ్ బోనస్ అనే రాయితీ లభిస్తుంది. మొదటి సంవత్సరం క్లెయిము లేకుండా గడిస్తే 20 శాతం, వరుసగా రెండేళ్లకు 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, ఐదేళ్లకు 50 శాతం. ఒక్క క్లెయిము పెడితే మరుసటి ఏడు అది సున్నాకు పడిపోతుంది. మళ్లీ మొదటి మెట్టు నుండి ఎక్కవలసిందే.

మాస్టారు నలభై ఐదు శాతపు మెట్టు మీద ఉన్నారు. మరి ఆరునెలలు ఆగితే యాభైకి చేరతారు. సొంత నష్టపు భాగానికి రాయితీకి ముందు ప్రీమియం 8,000 అనుకోండి. క్లెయిము పెడితే వచ్చే ఏడు పోయే రాయితీ 4,000. ఆ తరువాతి ఏడు యాభై శాతానికి బదులు ఇరవై శాతమే కాబట్టి 2,400. మూడవ ఏడు 2,000, నాలుగవ ఏడు 1,200, ఐదవ ఏడు 400. మొత్తం 10,000. కారు విలువతో పాటు ప్రీమియం కూడా ఏటేటా తగ్గితే ఈ మొత్తం కొంత తగ్గవచ్చు. అయినా 5,500 కంటే ఎక్కువే. పైమెట్టుకు చేరువైన యజమాని ఒక్క క్లెయిముతో రాబోయే ఐదేళ్లలో ఒకటింపావు ఏడాది ప్రీమియమంత రాయితీ పోగొట్టుకొంటాడు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొంటే చాలు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

ఇదే లెక్క అందరికీ ఇదే జవాబు ఇవ్వదు. కారు కొన్న మొదటి ఏడే ప్రమాదం జరిగితే అప్పటికి పోగొట్టుకొనే రాయితీ తక్కువ. అదే విధంగా కూడితే అది సగం ఏడాది ప్రీమియమంతే. పెనుకొండ దారిలో ఎద్దుల బండి తప్పించబోయి కారు గుంతలో పడి, బిల్లు 70,000 దాటితే సంశయించనక్కరలేదు. బీమా ఉన్నది అందుకే. ముందు అద్దం పగిలితే గాజుకు తరుగుదల లేదన్నది గుర్తుంచుకొనవలెను. అదనపు ప్రీమియం కట్టి తరుగుదల లేని రక్షణ గానీ, బోనస్ రక్షణ గానీ తీసుకొన్న వారి లెక్క వేరు. వారు పత్రం చదివి, ఏడాదికి ఎన్ని క్లెయిముల వరకు ఆ సదుపాయం ఉన్నదో చూసుకొనవలెను. ఈ బోనస్ కారుది కాదు, యజమానిది. కారు అమ్మినా దానిని కొత్త కారుకు మార్చుకొనవచ్చును. గడువు ముగిసిన తరువాత తొంభై రోజుల లోపల పాలసీ పునరుద్ధరించకపోతే మాత్రం క్లెయిము లేకున్నా అది పోతుంది.

లెక్క తేలేవరకు చేయకూడని పనులు కొన్ని ఉన్నాయి. ముందు బాగు చేయించి తరువాత క్లెయిము అడగరాదు. సంస్థకు వెంటనే తెలిపి, సర్వేయరు చూసిన తరువాతనే కారుపై చేయి వేయించవలెను. మూడు నెలల క్రితపు గీతను, నిన్నటి సొట్టను కలిపి ఒకే ప్రమాదంగా చెప్పరాదు. ప్రతి ప్రమాదమూ వేరు క్లెయిము. క్లెయిము తీసుకొని, మరుసటి ఏడు మరొక సంస్థకు వెళ్లి క్లెయిము లేదని బోనస్ పొందితే, అది బయటపడిన రోజున సొంత నష్టపు భాగం కింద ప్రయోజనాలన్నీ రద్దు కావచ్చును. ఐదారు వేల కోసం ఆడిన అబద్ధం ఐదు లక్షల కారును రక్షణ లేకుండా చేస్తుంది. తెల్ల నంబరు పలక ఉన్న కారును తిరుమణి సౌర పార్కు పనులకో, బెంగళూరు ప్రయాణాలకో బాడుగకు తిప్పేవారికీ ఇదే హెచ్చరిక. ప్రైవేటు కారు పాలసీ బాడుగ వాడకానికి వర్తించదు.

ఇంతవరకు చెప్పినది ఇనుముకూ ప్లాస్టిక్కుకూ సంబంధించిన లెక్క. మనిషికి దెబ్బ తగిలినప్పుడు ఈ లెక్క పనికిరాదు. అదే గుడి వీధిలో మాస్టారి కారు స్తంభానికి కాక పాలక్యాన్లతో వెళుతున్న ఒక మోపెడ్‌కు తగిలిందనుకోండి. పడినవాడు దుమ్ము దులుపుకొని, “ఏం కాలేదు సార్, ఐదువందలు ఇవ్వండి చాలు” అంటాడు. రాత్రికి మోకాలు వాచుతుంది. మరునాడు ఎముక చిట్లిందని తెలుస్తుంది. పాడి మీద బ్రతికే ఇంటికి రెండు నెలలు ఆదాయం ఆగిపోతుంది. అప్పుడు ఆ ఐదువందలు అతనిని కాపాడవు, మాస్టారినీ కాపాడవు. గాయపడినవారికి వైద్యం అందేటట్లు చూడవలెనని, ఇరవై నాలుగు గంటల లోపల పోలీసులకు తెలుపవలెనని, బీమా సంస్థకు వ్రాతమూలకంగా తెలియజేయవలెనని చట్టంలోని 134వ సెక్షను చెబుతున్నది. థర్డ్ పార్టీ బీమా ఉన్నది ఆ పాలవాని కోసమే. బోనస్ పోతుందేమోనని దానిని దాచిపెట్టడం పొదుపు కాదు, అన్యాయం.

సరిహద్దు ప్రాంతం గనుక ఒక సందేహం తరచు కలుగుతుంది. ప్రమాదం ఆంధ్రలో జరిగితే కర్ణాటకలో తీసుకొన్న పాలసీ చెల్లుతుందా? చెల్లుతుంది. పాలసీ దేశమంతటికీ వర్తిస్తుంది. ప్రమాదం జరిగిన చోటి పోలీసు స్టేషనులో తెలిపితే సరి. హిందూపురంలో బాగు చేయించుకొన్నా అభ్యంతరం లేదు. అయితే డబ్బు కట్టకుండా కారు తీసుకొనే సదుపాయం సంస్థ జాబితాలోని గ్యారేజీలలోనే ఉంటుంది. ఇతర చోట్ల ముందు చెల్లించి, బిల్లులు చూపి పొందవలెను.

న్యాయమైన క్లెయిమును సంస్థ నిరాకరిస్తే మొదట ఆ సంస్థకే వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవలెను. హైదరాబాదు ప్రధాన కార్యాలయంగా ఉన్న బీమా నియంత్రణ ప్రాధికార సంస్థకు 155255 నంబరులో తెలుపవచ్చును. నెల గడిచినా సంస్థ నుండి జవాబు లేకున్నా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకున్నా బెంగళూరులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చును. అందుకు రుసుము లేదు, న్యాయవాది అక్కరలేదు.

మాస్టారు చివరకు 9,000 తన జేబు నుండే ఇచ్చారు. ఆ నెల ఇంటి ఖర్చు కొంత బిగించవలసి వచ్చింది. కాని పెద్ద ప్రమాదం వచ్చిన నాటికి ఆయన పాలసీ నిండుగా ఉంటుంది, రాయితీ నిలిచి ఉంటుంది. మోయగలిగిన బరువు మనిషి మోయవలెను. మోయలేని బరువును బీమాకు అప్పగించవలెను. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడ ఉన్నదో పాలసీ పత్రం, ఒక కాగితం, అరగంట ఓపిక తేల్చి చెబుతాయి. ఇంటికి వెళ్లిన తరువాత ఈ రోజే ఆ పత్రం తీసి, బోనస్ శాతం ఎంత ఉన్నదో, గడువు ఏనాడు ముగుస్తున్నదో చూసుకొనండి.