చేసిన పని రాయండి, పొగడ్తలు కాదు
(అమెరికా చదువులకు పోతున్న విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది అమ్మానాయినలు భూమి కుదువబెట్టి, బ్యాంకుల అప్పు తెచ్చి మిమ్మల్ని అమెరికా పంపుతున్నరు. అక్కడ టీచింగ్ అసిస్టెంట్ కొలువు దొరికితే ఆ బరువు చాలావరకు దిగుతది. చాలా యూనివర్సిటీల్లో ఈ కొలువుకు జీతంతోపాటు ఫీజు మొత్తమో, కొంతో మాఫీ ఉంటది. ఎఫ్-1 వీసా మీదున్నవాళ్లు తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయొద్దు. ఆ 20 గంటలు మన చదువుకు అక్కరకొచ్చే పని దొరికితే అంతకన్నా ఏం కావాలె?

మొన్న మా ఊరి తమ్ముడొకడు తన రెజ్యూమె పట్టుకొచ్చిండు. నాలుగు పేజీలు. పైన ఫొటో, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, మతం. కింద ఎవరో కన్సల్టెన్సీవాళ్లు రాసిచ్చిన ఇంగ్లీషు పొగడ్తలు. చేసిన పని మాత్రం ఎక్కడా లేదు. ‘ఎవరికన్నా చదువు చెప్పినవారా?’ అనడిగితే ‘లేదన్నా’ అన్నడు. కొద్దిసేపు ముచ్చటపెడితే అసలు సంగతి బయటపడ్డది. రెండేండ్లు హాస్టల్ పిల్లలకు లెక్కలు చెప్పిండట. ల్యాబ్‌లో జూనియర్ల ప్రోగ్రాములు సరిదిద్దిండట. ‘పైసలియ్యలేదు కదన్నా, అది ఉద్యోగమెట్లయితది?’ అన్నడు. టీఏ చేసే పనే అది! పేపర్లు దిద్దుడు, ల్యాబ్ చూసుకునుడు, సందేహాలు తీర్చుడు.

మరి ఎట్ల రాయాలె?

మొదలు ఫొటో, వయసు, కులం, మతం, పెండ్లి ముచ్చట తీసెయ్యండి. నౌకరీ ఇచ్చేకాడ వర్ణం, మతం, లింగం, పుట్టిన దేశం చూసి వివక్ష చూపొద్దని అమెరికాలో 1964 పౌరహక్కుల చట్టం చెప్తది. నల్లజాతి ప్రజలు రోడ్లెక్కి కొట్లాడి సాధించుకున్న చట్టమది. అడగకూడని సంగతిని మనమెందుకు రాసియ్యాలె?

పేరు, ఫోను, ఈమెయిలు చాలు. తర్వాత చదువు, కొత్తది ముందు. ఆ కిందనే బోధన అనుభవం. ‘నాకు బోధనంటే ప్రాణం’ అంటే ఎవరూ నమ్మరు. ‘రెండేండ్లు, వారానికి 3 రోజులు, 12 మందికి ఇంటర్ లెక్కలు చెప్పిన’ అంటే నమ్ముతరు. ఏ కోర్సుకు దరఖాస్తు పెడుతున్నరో చూసి, దానికి పనికొచ్చే సబ్జెక్టులు, మార్కులు పైకి తేండి. ఒకే రెజ్యూమె పదిమందికి పంపొద్దు. పేజీ, మహా అంటే రెండు పేజీలు.

యాస గురించి బుగులు పడొద్దు. యాసను ఎక్కిరిస్తే ఎట్లుంటదో మనకు తెలుసు. అయితే చాలాచోట్ల టీఏలకు ఇంగ్లీషు మాట్లాడే పరీక్ష ఉంటది. వాళ్లు చూసేది విద్యార్థికి అర్థమయితదా లేదా అని. టోఫెల్ స్పీకింగ్‌లో మంచి స్కోరుంటే తప్పక రాయండి.

ఇంకొక్క మాట. దొంగ అనుభవం రాయొద్దు. దొరికితే సీటు పోతది, దానెంట వీసా పోయే ప్రమాదముంది. కుదువబెట్టిన భూమి గుర్తు పెట్టుకోండి.

కొలువు తప్పక వస్తదని నేను చెప్పను. మాస్టర్స్ వాళ్లకన్నా పీహెచ్‌డీ వాళ్లకే ఎక్కువ ఇస్తరు. కానీ చేసిన పనిని దాచుకొని, చెయ్యనిదాన్ని చెప్పుకునే రెజ్యూమెతోని పోతే వచ్చేది కూడా రాదు. ఆ తమ్ముడు నాలుగు పేజీలు చింపి ఒక్క పేజీ రాసిండు. హాస్టల్ పిల్లల లెక్కలు ఇప్పుడు అందులో మొదటి వరుసల ఉన్నయి.

మీరు కూడా ఈ రాత్రే కాగితం తీసి, ఎవరికి ఏం నేర్పినరో రాయండి. అక్కడినుంచే మొదలువెట్టండి.