తాను వేసికొన్న పక్క

(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుని ప్రసంగ పాఠము)



ఎనిమిదవ తరగతి ఇంగ్లీషు పరీక్షలో "యాజ్ యు మేక్ యువర్ బెడ్, సో యు మస్ట్ లై ఆన్ ఇట్" అను సామెతకు అర్థము వ్రాయుమని అడిగితిమి. ఒక బాలుడు "నీవు మంచము చేసినచో దానిమీద అబద్ధమాడవలెను" అని వ్రాసెను. ఉపాధ్యాయులమందరము నవ్వితిమి. పిదప యోచింపగా తప్పు వానిది మాత్రమే కాదనిపించెను. 'మేక్' అనగా చేయుట, 'బెడ్' అనగా మంచము, 'లై' అనగా అబద్ధము అని విడివిడిగా వల్లింపజేసినది మేమే కదా!

'మేక్ ది బెడ్' అనగా మంచము చేయుట కాదు. పక్క వేయుట, లేదా పక్క సర్దుట. ఇందొక చిక్కు గలదు. మన ఇండ్లలో రాత్రి పక్క వేసి, తెల్లవారగానే చుట్టి ఎత్తివేయుట వాడుక. ఆంగ్లేయుల పరుపు పగలంతయు మంచముమీదనే యుండును. కనుక వారు నిద్ర లేచిన పిదప దుప్పట్లు సవరించుటను ఆ మాటతో చెప్పుదురు. మనము పక్క ఎత్తు వేళ వారు పక్క వేయుదురన్నమాట! ఇక 'లై' అను మాటకు పండుకొనుట అనియు అర్థము గలదు. నీవు వేసికొన్న పక్కమీద నీవే పండుకొనవలెను. అనగా చేసిన పనికి ఫలము తానే అనుభవింపవలెను. 'చేసుకున్నవారికి చేసుకున్నంత' అని మన ముసలమ్మలు అనునది ఇదియే.

బళ్లారి పిల్లలకు మరియొక తికమక. 'హాసిగె ఇద్దష్టు కాలు చాచు' అను కన్నడ సామెతను వారు వీధిలో విందురు. అందును పక్కయే గలదు. కాని భావము వేరు, ఉన్నదానిలో సర్దుకొమ్మని. దానికి సరిపోవు ఇంగ్లీషు సామెతలో పక్క ఊసే లేదు. గుడ్డను బట్టి కోటు కత్తిరించుకొమ్మని యుండును. ఇట్టి భేదమును పిల్లలు ఇంటిమాటతో పోల్చుకొని పట్టగలరు. ఆ ఇంటిమాటయే సరిగా రానిచో దేనితో పోల్చుకొందురు?

ఇంగ్లీషువారు ఈ సామెతను ముందుగా హితవు చెప్పుటకంటె, పని చెడిన పిదప దెప్పుటకే ఎక్కువగా వాడుదురు. పెద్దలయెడ వాడుట మర్యాద కాదు. పరీక్ష తప్పిన పిల్లవానితోను అనవలదని నా మనవి. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్ర రాష్ట్రమునకును, బళ్లారి తాలూకా మైసూరునకును చేరినవి. నాడు పిల్లలను అడిగినవారు లేరు. నేడు ఏ మాధ్యమమున చేర్పింతుమో అదియు వారినడుగుట లేదు. పక్క వేయువారము మనము, పండుకొనువారు వారు.

ఐదవ తరగతి కాగానే పిల్లలను ఇంగ్లీషు మాధ్యమమునకు మార్పదలచి కొందరు టి.సి. కోరియున్నారు. ఇచ్చెదను, అడ్డు చెప్పను. కాని ముందుగా ఒక సాయంకాలము పిల్లవానితో కూడ నా గదికి రండు. వానిచేత ఒక ఇంగ్లీషు పాఠము చదివించి, దాని భావమును వాని మాటలలోనే చెప్పించెదను. మీరు కూర్చుండి వినుడు. సంతకము ఆ పిదప చేసెదను.