మందు పైపును రీలుకు కలపడం

(రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఏ పురుగుకు ఏ మందు, ఎంత మోతాదు అనే విషయాలపై మీరు చాలా ప్రసంగాలు విని ఉంటారు. ఆ మందును పంపు నుండి గన్ను వరకు మోసుకొనిపోయే పైపు గురించి, అందులోను ఆ పైపు రీలుకు అతికే చోటు గురించి చెప్పేవారు తక్కువ. ఇవాళ నేను ఆ ఒక్క చోటు గురించే మాట్లాడదలచాను.

మిరప చేలలోను, బత్తాయి, మామిడి తోటలలోను హెచ్.టి.పి. పంపులు వచ్చిన తరువాత 50 లేక 100 మీటర్ల పైపును రీలుకు చుట్టి వాడుకోవడం మామూలైనది. రీలు మంచి సాధనమే. పైపు మెలికలు పడదు, ముళ్ళలోను రాళ్ళలోను పడి నలగదు, పని తొందరగా సాగుతుంది. కాని రీలు ఉన్నచోట అతుకులు పెరుగుతవి. పంపు నుండి రీలుకు ఒక అతుకు, రీలు ఇరుసులో తిరిగే కీలు ఒకటి, అక్కడి నుండి పొడవాటి పైపుకు మరొక అతుకు. ఈ మూడింటిలో ఏది బలహీనమైతే అక్కడే మందు కారుతుంది.

పెరటిలో మొక్కలకు నీళ్ళు పెట్టే పైపుకు, మందు పైపుకు గల తేడాను మొదట గ్రహించవలెను. ఐదు మీటర్ల ఎత్తున ఉన్న ట్యాంకు నుండి వచ్చే నీటి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు అర కిలో మాత్రమే. అక్కడ పైపును నిపుల్‌కు తొడిగి ఒక క్లిప్పు బిగిస్తే చాలును. హెచ్.టి.పి. పంపు ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 20 నుండి 40 కిలోల దాకా పోతుంది. 8.5 మిల్లీమీటర్ల లోవ్యాసం గల పైపులో 30 కిలోల ఒత్తిడి ఉన్నదనుకొందాము. పైపును నిపుల్ మీద నుండి వెనుకకు తోసే బలం సుమారు 17 కిలోలు అవుతుంది. పైపు చివర 17 కిలోల బరువును రోజంతా వేలాడదీసినట్లే. దానికి తోడు ఇంజను అదురు, పైపు లాగే మనిషి బలం. సైకిలు ట్యూబు ముక్క చుట్టి బైండింగు తీగతో మెలిపెట్టిన అతుకు ఇన్నింటికి ఎంతకాలం ఓర్చుకొంటుంది? తీగ పైపును కొరికి ముందు పై పొరను, తరువాత లోపలి నూలును తెంపుతుంది.

ఇక సామగ్రి కొనే విషయం. పైపును ఎప్పుడూ లోవ్యాసంతో కొలుస్తారు. 8.5 మిల్లీమీటర్ల పైపుకు 10 మిల్లీమీటర్ల నిపుల్‌ను బలవంతాన దూర్చితే పైపు గోడ సాగి పలుచబడుతుంది. చిన్న నిపుల్ వేసి క్లిప్పును అతిగా బిగిస్తే పైపు ముడతపడి ఆ ముడత వెంట మందు చిమ్ముతుంది. నిపుల్ లోపలి రంధ్రాన్ని కూడా వెలుతురుకు పెట్టి చూడండి. వెలుపల లావుగా ఉండి లోపల సన్నగా ఉన్న సరుకు అంగడిలో ఉన్నది. రంధ్రం వ్యాసం సగమైతే, అంతే మందు నీరు పోవడానికి ఆ ఇరుకులో ఒరిపిడి నష్టం దాదాపు 32 రెట్లు పెరుగుతుంది. పంపు బాగానే ఉన్నా గన్ను వద్ద జల్లు మొద్దుగా పడుతున్నదంటే ఈ ఇరుకులను కూడా అనుమానించవలెను. సందర్భం వచ్చినది గనుక ఒక మాట: పైపు రీలుపై చుట్టి ఉన్నా మందు మొత్తం పొడవూ తిరిగే రావలెను. చిన్న కమతానికి 50 మీటర్లు చాలినప్పుడు 100 మీటర్లు కొనడం ఒత్తిడిని పారబోసుకోవడమే.

మరల దగ్గర పొరపాట్లు మరీ ఎక్కువ. అర అంగుళం అని చెప్పే మరను స్కేలుతో కొలిస్తే వెలుపలి వ్యాసం సుమారు 21 మిల్లీమీటర్లు ఉంటుంది, అంటే అర అంగుళం కంటే చాలా ఎక్కువ. ముప్పావు అంగుళం మర 26 మిల్లీమీటర్లకు పైన ఉంటుంది. ఈ పేర్లు పాతకాలపు ఇనుప గొట్టాల లోవ్యాసాన్ని బట్టి వచ్చినవి. కొలత చూచి ముప్పావు అంగుళం తెచ్చుకొని, అది వదులుగా ఉన్నదని టేపు కట్టలు కట్టలుగా చుట్టేవారు ఉన్నారు. మన దేశంలో నీటి గొట్టాలకు వాడే బ్రిటిషు కొలత ముప్పావు మరలో అంగుళానికి 14 చుట్లు ఉంటవి. అమెరికా పద్ధతి తోట పైపు మరలో పదకొండున్నర చుట్లు. విదేశీ రీలు కొన్నవారికి ఈ తేడా తెలియక రెండు చుట్లు తిరగగానే పట్టివేస్తుంది. పానాతో ఇంకా తిప్పితే ఇత్తడి మర చెడిపోతుంది. కాబట్టి పాత నట్టును జేబులో వేసుకొని అంగడికి పోవడమే మేలు. కొత్తదాన్ని అక్కడే చేతితో తిప్పి చూడండి. నాలుగైదు చుట్లు సాఫీగా పోతేనే అది జత.

తెల్ల టేపు సంగతి కూడా చెప్పవలెను. చివరకు సన్నబడే మరకు టేపు పనిచేస్తుంది, అక్కడ మర మీదనే మూత పడుతుంది గనుక. మర కొన మన వైపు ఉండగా గడియారం ముల్లు తిరిగే దిక్కున చుట్టవలెను. ఎదురు చుడితే బిగించేటప్పుడు విడిపోతుంది. రీలుకు ఎక్కువగా ఉండే తిరుగుడు నట్టు వేరు. దాని లోపల బల్లపరుపు వాషరు ఉంటుంది. అక్కడ మందును ఆపేది వాషరే, మర కాదు. ఎంత టేపు చుట్టినా ప్రయోజనం లేదు. వాషరు గట్టిపడితేనో, పగిలితేనో మార్చండి. నూనె మందులలోని ద్రావకాలకు మామూలు రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. అందుచేత అటువంటి మందులకు తట్టుకొనే నైట్రైల్ రబ్బరు వాషరు అడిగి తీసుకోండి, రెండు మూడు అదనంగా ఉంచుకోండి.

లోహం గురించి బత్తాయి రైతులకు ఎక్కువ చెప్పనక్కరలేదు. బోర్డో మిశ్రమం సరిగా కుదిరినదో లేదో చూడడానికి ఇనుప కత్తిని ముంచి, ఎర్రని పొర పట్టినట్లయితే ఇంకా సున్నం కలుపుతారు గదా! మైలుతుత్తం మిగిలి ఉంటే ఇనుప నిపుల్ లోపల జరిగేది కూడా అదే. ఇనుము కరుగుతుంది, రాగి పట్టుతుంది. రాగి మందులు కొట్టే తోటలలో ఇనుప సామాను, జింకు పూత సామాను పెట్టరాదు. ఇత్తడి గాని, స్టెయిన్‌లెస్ స్టీలు గాని మంచిది. ఖరీదు కొంచెం ఎక్కువైనా ఇక్కడ బేరం చేయకండి.

బిగించే పని ఇలా చేయండి. పైపు కొనను పదునైన కత్తితో నిలువుగా, ఏటవాలు లేకుండా కోయవలెను. క్లిప్పును ముందే పైపుపై ఎక్కించుకోండి. కొనను కొద్దిసేపు వేడి నీటిలో ఉంచితే మెత్తబడుతుంది. జారడానికి సబ్బు నీళ్ళు వాడవచ్చును. గ్రీజు, ఇంజను నూనె వాడకూడదు. అవి రబ్బరును పాడుచేస్తవి, పైపు తేలికగా ఊడడానికి తోడ్పడుతవి. నిపుల్ గాడులు అన్నీ లోపలికి పోయి, పైపు అంచు భుజానికి తగిలేవరకు తోయండి. క్లిప్పు గాడుల మీద పడవలెను, పైపు అంచు మీద కాదు. ఇంత ఒత్తిడికి మర క్లిప్పు ఒకటి కంటే, రెండు బోల్టుల బిగింపు క్లిప్పు నమ్మదగినది. యంత్రంతో నొక్కించిన కొన దొరికితే ఇంకా మేలు.

రీలు లోపలి మోచేయి ఏ వైపు చూస్తున్నదో గమనించండి. పైపు డ్రమ్ము గుండ్రాన్ని అనుసరించి బయలుదేరవలెను. డ్రమ్ముకు అడ్డంగా లేచి వెంటనే వంగితే, మొదటి చుట్టు దగ్గరనే మడత పడి అక్కడే పగులుతుంది. మొదటి చుట్టును డ్రమ్ముకు పట్టీతో కట్టండి. పొలంలో పైపు మొత్తం విప్పకుండా రెండు మూడు చుట్లు ఎప్పుడూ మిగల్చండి. అప్పుడు లాగే బలం అతుకు మీద పడదు. పంపు నుండి రీలుకు వచ్చే ముక్క కూడా మెత్తని పైపే కావలెను. అక్కడ ఇనుప గొట్టం పెడితే ఇంజను అదురుకు కీలు అరిగిపోతుంది.

అంతా అయిన తరువాత మందు కలపకముందు మంచినీటితో పరీక్షించండి. తక్కువ ఒత్తిడితో మొదలుపెట్టి, మీరు రోజూ వాడే ఒత్తిడికి తెచ్చి, పది నిమిషాలు నడపండి. రీలును అటు ఇటు తిప్పి కీలు దగ్గర తడి చూడండి. నిమిషానికి 100 మిల్లీలీటర్లు కారితే గంటకు 6 లీటర్లు, ఆరు గంటల పనిలో 36 లీటర్ల మందు నీరు ఒకేచోట నేల పాలవుతుంది. డబ్బు నష్టం అటుంచండి. ఆ మందులో కాళ్ళు పెట్టుకొని నిలుచున్న మనిషి ఎవరు? పైపు వదలడం, చుట్టడం తేలిక పని అని మన పల్లెలలో తరచు పిల్లవానిని రీలు దగ్గర నిలబెడతారు. నిజానికి మూడు అతుకులు ఉన్న చోటు అదే. ఊడితే ముఖాన మందు చిమ్మేది ఆ పిల్లవానికే. పిల్లలను అక్కడ ఉంచనే కూడదు. పెద్దవారు కూడా చేతి తొడుగులు, నిండు చొక్కా, కళ్ళద్దాలు లేకుండా రీలు ముట్టకూడదు.

పని మధ్యలో అతుకు చిమ్మితే చేయి అడ్డం పెట్టవద్దు. సన్నని ధార చర్మంలోకి దిగే ప్రమాదం ఉన్నది. ఇంజను ఆపండి. పంపు ఒత్తిడి మరను వదులు చేయండి. గన్ను మీట నొక్కి పైపులోని ఒత్తిడి దించండి. అప్పుడే నట్టు విప్పవలెను. ఒంటి మీద పడితే ఆ గుడ్డలు వెంటనే తీసివేసి సబ్బుతో బాగా కడుగుకోవలెను. కంట పడితే పావుగంట తగ్గకుండా మంచినీటితో కడిగి, మందు డబ్బాతో సహా వైద్యుని వద్దకు పోవలెను.

సాయంత్రం పైపు చుట్టకముందు మంచినీరు పంపి, సున్నపు నలుసులు కీలులో మిగలకుండా కడగండి. కడిగిన నీటిని చేనులోనే వదలండి, కాలువ గట్టున కాదు. పైరు ముగిసి రీలును పక్కన పెట్టేటప్పుడు పైపులో నీరు లేకుండా చేసి, నట్లు సగం వదులు చేసి నీడలో ఉంచండి. వాషరులను తీసి ఒక చిన్న డబ్బాలో వేసి, ఆ డబ్బాను రీలు కాలికే కట్టి ఉంచండి.