కడుపు మాడితే మైండ్ ఏం చేస్తుంది?

ఈ ఎపిసోడ్‌లో ఈటింగ్ డిజార్డర్స్ గురించి మాట్లాడుకుందాం. లావైపోతామన్న భయంతో తిండి మానేయడం, లేదంటే ఆపుకోలేనంత తినేసి తర్వాత కక్కేయడం, ఇలాంటివి. మన ఇళ్ళల్లో దీన్ని జబ్బు అనరు. "దానికి మొండితనం", "వీడికి నోటి మీద అదుపు లేదు" అంటారు, అంతే.

1944లో అమెరికాలో, మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే సైంటిస్ట్ ఒక ఎక్స్‌పెరిమెంట్ మొదలుపెట్టాడు. యుద్ధం వల్ల ఆకలితో చిక్కిపోయిన జనానికి మళ్ళీ తిండి ఎలా అలవాటు చేయాలో తెలుసుకోవాలని. యుద్ధంలో తుపాకీ పట్టం అన్న కుర్రాళ్ళు 36 మంది వాలంటీర్లుగా చేరారు. ఒళ్ళూ మనసూ రెండూ బాగున్నాయని టెస్ట్ చేసి మరీ తీసుకున్నారు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి.

దాదాపు ఆరు నెలలు వాళ్ళకి మామూలుగా తినేదాంట్లో సగమే పెట్టారు. ఎన్ని క్యాలరీలో నేను కావాలనే చెప్పట్లేదు. ఈ జబ్బు ఉన్నవాళ్ళకి నంబర్ వినిపిస్తే అదొక టార్గెట్ అయి కూర్చుంటుంది.

ఏమైందంటే, వాళ్ళకి తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు కలెక్ట్ చేశారు. ఒక్క భోజనాన్ని గంటలకొద్దీ సాగదీసి తిన్నారు, ప్లేట్లు నాకారు. చిరాకు, దిగులు, ఎవరితోనూ కలవకపోవడం. మళ్ళీ తిండి పెట్టాక కూడా కొందరికి ఎంత తిన్నా కడుపు నిండినట్టే అనిపించలేదు.

వీళ్ళెవరికీ ముందు ఏ సమస్యా లేదు కదా! ఆకలే ఇదంతా చేసింది. కాబట్టి పొద్దంతా కడుపు మాడ్చుకున్న అమ్మాయి రాత్రి ఫ్రిజ్ ముందు నిలబడి తినేస్తే అది విల్‌పవర్ లేక కాదు. తర్వాత గిల్టీగా ఫీలై మర్నాడు మళ్ళీ మాడ్చుకుంటుంది. మా భాషలో చెప్పాలంటే ఎగ్జిట్ కండిషన్ లేని లూప్.

మరి డైట్ చేసిన ప్రతివాళ్ళకీ ఇది రాదుగా? రాదు. జీన్స్ పాత్ర ఉంది. ఏదైనా పర్ఫెక్ట్‌గా ఉండాలనే స్వభావం, యాంగ్జైటీ, టీనేజ్ వయసు, ఒంటి గురించి ఎగతాళి, ఇవన్నీ రిస్క్ పెంచుతాయి. ఎగతాళి సంగతి మనకి చెప్పక్కర్లేదు. ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా "ఏంటే ఇంత లావయ్యావ్" అన్నాకే కుశలప్రశ్నలు. మగపిల్లలకీ వస్తుంది, జిమ్‌లో "కటింగ్" అంటుంటారు కాబట్టి ఎవరూ అనుమానించరు.

చూసి పోల్చేద్దామంటే కుదరదు, తిని కక్కేసేవాళ్ళలో చాలామంది మామూలు బరువులోనే ఉంటారు. కానీ పదేపదే వాంతి చేసుకుంటే ఒంట్లో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పొచ్చు, ప్రాణం మీదికి రావచ్చు.

మీ ఇంట్లో ఎవరైనా తిన్న వెంటనే రోజూ బాత్రూమ్‌కి వెళ్తున్నా, నలుగురితో కూర్చుని తినడం తప్పించుకుంటున్నా, బరువు ఊసెత్తకండి. "ఈమధ్య ఎలా ఉంటోంది నీకు?" అని అడగండి, చెప్పేది వినండి. సైకియాట్రిస్ట్ దగ్గరికి మీరూ తోడు వెళ్ళండి. ముందు ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే టెలి మానస్ 14416, ప్రభుత్వానిదే, ఫ్రీ, తెలుగులో మాట్లాడొచ్చు. కళ్ళు తిరిగి పడిపోయినా, గుండె దడగా ఉన్నా మాత్రం ఫోన్లు కాదు, నేరుగా ఆసుపత్రికే.