బలాన్ని పెంచే వ్యాయామం: పద్ధతి, మోతాదు



ఈనాటి పాఠాన్ని మీ అందరికీ తెలిసిన ఒక వ్యాయామంతో మొదలుపెడదాం. అదే గుంజీళ్లు. హోమ్‌వర్కు చేయకపోతేనో, తరగతికి ఆలస్యంగా వస్తేనో చెవులు పట్టుకుని కూర్చుని లేవమనే శిక్షగానే అది మనలో చాలామందికి పరిచయం. చెవులు వదిలేసి అలాగే కూర్చుని లేస్తే తాలింఖానాలో పహిల్వాన్లు దాన్ని బస్కీలు అంటారు. భుజాల మీద బరువు పెట్టుకుని చేస్తే జిమ్‌లో స్క్వాట్ అంటారు. వెయిట్‌లిఫ్టర్లు, పరుగుపందెం క్రీడాకారులు, కబడ్డీ ఆటగాళ్లు అందరూ తమ శిక్షణలో ఈ కదలికను ఏదో ఒక రూపంలో చేస్తారు.

మరి ఒకే కదలిక ఒకచోట శిక్ష, ఇంకొకచోట శిక్షణ ఎలా అయింది? తేడా మోతాదులో ఉంది. అలవాటు లేని పిల్లల చేత ఒకేసారి వందల గుంజీళ్లు తీయిస్తే తొడల్లోని కండర కణాలు దెబ్బతినవచ్చు. అప్పుడు వాటిలోని మయోగ్లోబిన్ అనే పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలకు హాని చేస్తుంది. ఈ స్థితిని వైద్యులు రాబ్డోమయోలిసిస్ అంటారు. మితిమీరిన వ్యాయామం తర్వాత కండరాలు వాచి భరించలేనంత నొప్పి వచ్చినా, మూత్రం టీ డికాషన్ రంగులోకి మారినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. బడిలో శారీరక శిక్షను 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించిందన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

అదే కదలికను పదేసి చొప్పున రెండు మూడు విడతలుగా, మధ్య మధ్య విశ్రాంతితో, వారానికి మూడు రోజులు చేస్తే ఆ తొడలే బలపడతాయి. మందు విషయంలో మోతాదు ఎంత ముఖ్యమో, వ్యాయామం విషయంలోనూ అంతే ముఖ్యం. ఈనాటి పాఠమంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

బలం, సామర్థ్యం, ఓర్పు

భౌతికశాస్త్రంలో మీరు బలం, పని, సామర్థ్యం అనే మాటలు చదువుకున్నారు. అవి ఇక్కడా పనికొస్తాయి. ఒక అమ్మాయి 40 కిలోల బరువును అర మీటరు ఎత్తుకు లేపిందనుకుందాం. ఆమె చేసిన పని 40 × 9.8 × 0.5, అంటే 196 జౌళ్లు. దానికి రెండు సెకన్లు తీసుకుంటే ఆమె సగటు సామర్థ్యం 98 వాట్లు. అదే పనిని అర సెకనులో చేస్తే 392 వాట్లు. బరువు మారలేదు, ఎత్తు మారలేదు. వేగం పెరిగింది కాబట్టి సామర్థ్యం నాలుగింతలైంది.

బరువును ఎత్తగలగడం బలం. వేగంగా ఎత్తగలగడం సామర్థ్యం. మళ్లీ మళ్లీ ఎత్తగలగడం కండరాల ఓర్పు. లారీలోంచి రోజంతా బస్తాలు దించే హమాలీకి ఓర్పు కావాలి. వాలీబాల్‌లో ఎగిరి బంతిని కొట్టే ఆటగాడికి సామర్థ్యం కావాలి. ఈ రెండింటికీ పునాది బలమే. మీకు ఏది కావాలో తెలిస్తేనే ఏ పద్ధతి ఎంచుకోవాలో తెలుస్తుంది.

కండరం ఎలా బలపడుతుంది?

కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినవారు రెండు మూడు వారాల్లోనే అంతకుముందు కంటే ఎక్కువ బరువు ఎత్తగలుగుతారు. కానీ అద్దంలో చూసుకుంటే కండరం పెద్దగా పెరిగినట్టు కనిపించదు. కారణం ఏమిటంటే, ముందుగా నేర్చుకునేది నాడీవ్యవస్థ. మెదడు, వెన్నుపాము నుంచి వచ్చే ఆజ్ఞలు ఎక్కువ కండర తంతువులను ఒకేసారి పనిలోకి దింపడం నేర్చుకుంటాయి. కండరం మందం పెరగడం కంటికి కనిపించాలంటే సాధారణంగా ఇంకొన్ని వారాలు పడుతుంది. ఈ సంగతి తెలియక చాలామంది నెల రోజులకే నిరాశపడి మానేస్తారు.

ఇంకొక ముఖ్య విషయం ఉంది. బరువు ఎత్తేటప్పుడు కండరం అలసిపోతుంది. అది బాగుపడి, కొంచెం ఎక్కువ బలంతో తయారయ్యేది ఆ తర్వాత, భోజనం, నిద్ర, విశ్రాంతి దొరికినప్పుడు. అందుకే ఒకే కండరానికి గట్టి వ్యాయామం ఇచ్చాక సుమారు 48 గంటలు వ్యవధి ఇవ్వమంటారు.

క్రీస్తుపూర్వం 6వ శతాబ్దంలో దక్షిణ ఇటలీలోని క్రోటన్ అనే గ్రీకు నగరంలో మైలో అనే మల్లయోధుడు ఉండేవాడు. అతడు ఒక చిన్న దూడను రోజూ భుజాన మోసేవాడని, దూడ ఎద్దయ్యే నాటికి ఎద్దునే మోయగలిగాడని ఒక కథ ఉంది. కథ సంగతి అలా ఉంచితే, అందులోని సూత్రం సరైనదే. భారాన్ని కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి. అయితే దూడ పెరిగినట్టు మన బలం ఏకధాటిగా పెరగదు. మధ్యలో ఆగుతుంది. మళ్లీ కదులుతుంది.

ఈ సూత్రానికి వైద్యంలో లెక్క కట్టినవాడు అమెరికా సైనిక వైద్యుడు థామస్ డీలోర్మ్. రెండో ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికుల కాళ్లు తిరిగి బలపడటానికి ఆయన బరువులు ఉపయోగించి, 1945లో ఆ పద్ధతిని ప్రచురించాడు. 1948 నాటికి ఆ పద్ధతి మూడు విడతలుగా స్థిరపడింది. వరసగా పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువును ముందు కనుక్కోవాలి. అది 20 కిలోలు అనుకుంటే, మొదటి విడత 10 కిలోలతో, రెండోది 15 కిలోలతో, మూడోది 20 కిలోలతో, పదేసి సార్లు చేయాలి. నేటికీ జిమ్‌లలో వినిపించే ‘మూడు సెట్లు, పది సార్లు’ అన్న మాట అక్కడి నుంచి వచ్చినదే.

పద్ధతులు

ఇప్పుడు ప్రధానమైన పద్ధతులు చూద్దాం.

మొదటిది సొంత శరీర బరువుతో చేసేది. దండీలు, బస్కీలు, కడ్డీ పట్టుకుని పైకి లేవడం ఇందులోకి వస్తాయి. దీనికి ఖర్చు లేదు. ఇక్కడ భారం పెంచడం ఎలా అని మీరు అడగవచ్చు. గోడకు చేతులు ఆనించి దండీలు తీయడం సులువు. బల్ల మీద చేతులు పెడితే కొంచెం కష్టం. నేల మీద ఇంకా కష్టం. కాళ్లు బల్ల మీద, చేతులు నేల మీద పెడితే మరీ కష్టం. శరీరం కోణం మారితే భారం మారుతుంది.

రెండోది డంబెల్స్, బార్‌బెల్, రబ్బరు పట్టీలు, యంత్రాలతో చేసేది. భారాన్ని కొలిచి పెంచుకోవడానికి ఇది అనువైనది. యంత్రం మీద కదలిక ఒకే దారిలో సాగుతుంది. విడి బరువులతో చేస్తే తూకం నిలుపుకోవడం కూడా అలవాటవుతుంది.

మూడోది కదలిక లేకుండా కండరాన్ని బిగించి ఉంచే ఐసోమెట్రిక్ పద్ధతి. గోడకు వీపు ఆనించి కుర్చీలో కూర్చున్నట్టు నిలవడం, మోచేతుల మీద శరీరాన్ని నిటారుగా నిలపడం ఇందుకు ఉదాహరణలు. ఇందులో బలం ముఖ్యంగా ఆ కోణానికి దగ్గరలోనే పెరుగుతుంది. కాబట్టి దీని ఒక్కదానితో సరిపెట్టుకోకూడదు.

నాలుగోది సర్క్యూట్ పద్ధతి. ఆరో ఎనిమిదో వ్యాయామాలను వరసగా, మధ్యలో తక్కువ విశ్రాంతితో చేసుకుంటూ పోవడం. మైదానంలో తరగతి మొత్తానికి ఒకేసారి చేయించవచ్చు. ఓర్పు బాగా పెరుగుతుంది.

అయిదోది దూకుళ్లతో చేసే ప్లయోమెట్రిక్ పద్ధతి. నేలను తాకిన మరుక్షణమే తిరిగి ఎగరడం ఇందులో కీలకం. సోవియట్ శిక్షకుడు యూరీ వెర్ఖోషాన్‌స్కీ దీన్ని 1960లలో అభివృద్ధి చేశాడు. సామర్థ్యం పెంచడానికి ఇది మంచి సాధనమే గానీ, కాళ్లలో తగిన బలం లేకుండా, సిమెంటు నేల మీద మొదలుపెడితే మోకాళ్లు, మడమలు దెబ్బతింటాయి. ముందు మెత్తగా దిగడం నేర్చుకోవాలి. ఎగరడం ఆ తర్వాత.

మోతాదు లెక్క

ఒక్కసారి మాత్రమే ఎత్తగల గరిష్ఠ బరువును నూరు శాతం అనుకోండి. గరిష్ఠ బలం కోసం సాధన చేసేవారు 85 శాతం, అంతకు మించిన బరువును ఒకటి నుంచి ఆరు సార్లు ఎత్తి, విడతల మధ్య రెండు నుంచి అయిదు నిమిషాలు ఆగుతారు. కండరం పెరగడానికి మధ్యస్థమైన బరువుతో ఆరు నుంచి పన్నెండు సార్లు చేయడం వాడుక. అలసట వచ్చేదాకా చేస్తే అంతకంటే తేలిక బరువులతోనూ కండరం పెరుగుతుందని తర్వాతి పరిశోధనలు చూపించాయి. ఓర్పు కోసం తేలిక బరువును పన్నెండు కంటే ఎక్కువ సార్లు ఎత్తాలి.

కొత్తవారు గరిష్ఠ బరువును పరీక్షించుకోవడానికి పోకూడదు. వారికి సులువైన కొలత ఒకటుంది. ఇంకో రెండుసార్లు సరిగ్గా చేయగలను అనిపించినప్పుడే ఆపేయాలి. వీపు వంగిపోతున్నా, మోకాళ్లు లోపలికి పడిపోతున్నా ఆ విడత అక్కడితో పూర్తయినట్టే. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి, దించేటప్పుడు తీసుకోవాలి.

క్రీడాకారులు ఏడాది పొడవునా ఒకే మోతాదు వాడరు. పోటీలు లేని నెలల్లో తేలిక బరువులతో పునాది వేసుకుంటారు. తర్వాత పెద్ద బరువులతో బలం పెంచుకుంటారు. పోటీలు దగ్గరపడే కొద్దీ వేగంగా చేసే కదలికలకు, దూకుళ్లకు మారతారు. పోటీల కాలంలో వారానికి ఒకటి రెండుసార్లు చేసి, వచ్చిన బలాన్ని నిలుపుకుంటారు. పోలీసు, సైన్యం దేహదారుఢ్య పరీక్షలకు సిద్ధమయ్యే యువకులు చాలామంది నోటిఫికేషన్ వచ్చాక, నెల రోజుల ముందు మొదలుపెట్టి కాళ్లు నొప్పులతో పరీక్షకు వెళుతుంటారు. మూడు నాలుగు నెలలు ముందుగా, సగం కష్టంతో మొదలుపెట్టిన వారి పరిస్థితి మెరుగ్గా ఉంటుంది.

బరువులు ఆడపిల్లలకు పనికిరావా?

శ్రీకాకుళం జిల్లా వూసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం సాధించింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మణిపూర్‌కు చెందిన మీరాబాయి చాను 49 కిలోల విభాగంలో 202 కిలోలు ఎత్తి రజతం సాధించింది. అంటే తన విభాగం బరువుకు నాలుగింతల కంటే ఎక్కువ.

బరువులెత్తితే అమ్మాయిలకు మగవాళ్ల శరీరం వస్తుందన్నది అపోహ. స్త్రీలలో టెస్టోస్టెరాన్ హార్మోను చాలా తక్కువ కాబట్టి కండరం మగవారిలో పెరిగినంత పెరగదు. పైగా ఎముకలు గట్టిపడే వయసు ఇదే. ఇప్పుడు కూడబెట్టుకున్న ఎముక బలమే నడివయసు దాటాక ఆదుకుంటుంది. బరువులెత్తితే పొడవు ఆగిపోతుందన్నది ఇంకో అపోహ. సరైన పర్యవేక్షణలో, తగిన మోతాదులో చేసిన వ్యాయామం ఎదుగుదలను ఆపుతుందనడానికి ఆధారం లేదు. దెబ్బలు తగిలేది నేర్పేవాళ్లు లేకుండా, స్నేహితుల పందేలకు పోయి ఎత్తినప్పుడే.

దగ్గరి దారులు

పొడవును నిజంగానే ఆపగలిగేది వేరే ఉంది. అదే అనబాలిక్ స్టెరాయిడ్. ఎదిగే వయసులో వాడితే ఎముకల చివరలు ముందుగానే మూసుకుపోయి ఎదుగుదల నిలిచిపోవచ్చు. గుండె, కాలేయం దెబ్బతింటాయి. క్రీడల్లో వీటిని నిషేధించారు. పట్టుబడితే ఏళ్ల తరబడి ఆటకు దూరం కావాలి. ఎవరైనా ‘ఒక కోర్సు వాడు, రెండు నెలల్లో బాడీ వస్తుంది’ అంటే, వాళ్లు శిక్షకులైనా సరే, అక్కడి నుంచి వచ్చేయండి.

ఇక ప్రొటీన్ డబ్బాలు. పెద్దవారికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ అవసరమని భారత వైద్య పరిశోధన మండలి 2020లో సిఫార్సు చేసింది. అంటే 60 కిలోల వ్యక్తికి సుమారు 50 గ్రాములు. గట్టిగా శిక్షణ పొందే క్రీడాకారులకు ఇది ఎక్కువ కావాలి. పప్పు, శనగలు, వేరుశనగలు, పాలు, పెరుగు, గుడ్లు, చేపలతో ఇందులో చాలా భాగం సమకూరుతుంది. కండలు పెంచడం కోసం ప్రొటీన్ పొడులు వాడవద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు సూచించాయి.

మీరు చేయవలసిన పని

5 నుంచి 17 ఏళ్ల వారు రోజుకు సగటున 60 నిమిషాలు శరీరం కదిలే పని చేయాలని, వారంలో కనీసం మూడు రోజులు కండరాలు, ఎముకలు బలపడే వ్యాయామం అందులో ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. దాన్ని ఇలా మొదలుపెట్టవచ్చు.

సోమ, బుధ, శుక్రవారాల్లో ముందు అయిదు నుంచి పది నిమిషాలు నడక, మెల్లటి పరుగు. తర్వాత మడమలు నేలకు ఆనించి బస్కీలు ఎనిమిది, మీకు తగిన కోణంలో దండీలు ఎనిమిది, పుస్తకాల సంచిని నడుము వరకు లాగడం ఒక్కో చేత్తో ఎనిమిది, మోచేతుల మీద నిలవడం 20 సెకన్లు. మొదటి రెండు వారాలు ఇవి రెండు విడతలు. మూడు, నాలుగు వారాల్లో మూడు విడతలు. అయిదో వారం నుంచి ఒక్కో వ్యాయామం పన్నెండు సార్లకు పెంచండి. అది సులువయ్యాక సంచిలో ఇంకో పుస్తకం వేయండి, లేదా దండీల కోణం మార్చండి. కీళ్ల నొప్పి, ఆయాసం, గుండె జబ్బు ఉన్నవారు వైద్యుణ్ని అడిగి మొదలుపెట్టాలి.

ఒక నోటుబుక్కులో తేదీ, ఎన్నిసార్లు చేశారు, ఎలా అనిపించింది అన్నవి రాసుకోండి. ఆరు వారాల తర్వాత మొదటి పేజీ, చివరి పేజీ పక్కపక్కన పెట్టి చూసుకోండి. పెరిగిన బలం అద్దంలో కంటే ముందు ఆ పేజీలో కనిపిస్తుంది. తరగతిలో ఎవరైనా గుంజీళ్లు తీయమంటే, అది శిక్షగా కాక మైదానంలో, లెక్క ప్రకారం చేయవలసిన వ్యాయామమని మీరు వినయంగా చెప్పగలిగితే ఈ పాఠం మీకు బాగా అర్థమైనట్టే.